దొంగ మెరుగు పెట్టిన బండి

దొంగలు పడ్డ ఇంటివాళ్లు ఏడవడం వదిన చాలాసార్లు చూసింది. మురిసిపోవడం చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

"వాణ్ణి పట్టుకుని తన్నించాలని నాకు లేదమ్మా," అంది డాక్టరమ్మ, కారు బానెట్‌ని పిల్లిని నిమిరినట్టు నిమురుతూ. "ఎవరో తెలిస్తే ఓసారి కూర్చోబెట్టి కాఫీ ఇద్దామని, అంతే. పోయినప్పటికంటే వచ్చినప్పుడే బాగుంది నా బండి. పుట్టింటికెళ్లి నాలుగు రోజులుండి, కాస్త ఒళ్లు చేసి తిరిగొచ్చిన పిల్లలా లేదూ?"

"అలాగే ఉంది. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు," అంది వదిన.

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ఇన్‌స్పెక్టర్ ఆమెకు సొంత మరిది. ఆమె మొదటి కేసప్పుడు, స్టేషన్ నిండా జనం ఉండగా అతను "వదినా, నువ్వు ముందు ఇంటికెళ్లు!" అని పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. అప్పట్నుంచి చిన్నాపెద్దా అందరికీ ఆమె వదినే. అంతకుముందు ముప్పై ఏళ్లు కళ్లద్దాల దుకాణం నడిపింది. దుకాణం కూతురి చేతిలో పెట్టాక, ఊరికే కూర్చుంటే తోచక ఈ డిటెక్టివ్ పనిలోకి దిగింది. "ఇంట్లో కూర్చుని నా తప్పులు వెతకడం కంటే ఊరివాళ్ల తప్పులు వెతకడమే నయం," అని ఆమె భర్త మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. డాక్టరమ్మకు అరవై ఏళ్ల నాటి కారు ఒకటి ఉంది. రెండు తలుపులది, దానిమ్మగింజ రంగుది. ఆమె దాన్ని 'దానిమ్మ' అనే పిలుస్తుంది. ఆదివారం సాయంత్రం తోటమాలి షెడ్డుకు తాళం వేశాడు. సోమవారం పొద్దున తాళం వేసినట్టే ఉంది, లోపల కారు లేదు. బుధవారం తెల్లారేసరికి తాళం వేసినట్టే ఉంది, లోపల కారు ఉంది. అదీ ఎలా ఉంది? కడిగి, తుడిచి, మెరుగు పెట్టి, చూసిన కళ్లు జారిపోయేలా ఉంది. వచ్చిన వస్తువు వచ్చింది కదా అని ఊరుకోకుండా, ఇన్‌స్పెక్టర్ మర్నాడు తోటమాలిని పట్టుకెళ్లి లాకప్‌లో కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ వదిన దగ్గరికి పరిగెత్తుకొచ్చింది అందుకే. "దొంగ ఎవరైనా సరే, వాడు మాత్రం కాదు. పాతికేళ్లుగా మా ఇంట్లో మనిషి. పాపం, వాడి పెళ్లాం పొద్దున్నుంచి మా మెట్ల మీదే కూర్చుంది," అంది.

ఈ రోజు శుక్రవారం. వదిన అడిగిందని డాక్టరమ్మే బండి నడుపుకుంటూ అద్దం మేస్త్రి షాపుకి తెచ్చింది. పాత కార్లకు, అపురూపమైన కార్లకు రంగు కాపాడి మెరుగు పెట్టే షాపు అది. మట్టిరేణువు కనిపించని నేల, పైకప్పు నిండా పొడుగాటి తెల్లలైట్లు. ఆ లైట్ల కింద నిలబెడితే వెంట్రుకంత గీత కూడా దాక్కోలేదు. గోడ పొడవునా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో వలసంచీ. గాలిలో మైనం వాసన. వదినకు ఆ వాసన ఎందుకో తెగ నచ్చేసింది. ఇలాంటి చోట పనైతే జీతం ఇవ్వకపోయినా రావచ్చు అనుకుంది.

అద్దం మేస్త్రి అరవై దాటిన మనిషి. అతను మెరుగు పెట్టిన కారు తలుపులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చని చెప్పుకుంటారు. చేతికి ఉంగరం లేదు, గడియారం లేదు, నడుముకు బెల్టు లేదు, చొక్కాకి గుండీలు కూడా బయటికి కనిపించవు. రంగుకి ఏదీ తగలకూడదు మరి.

"మేస్త్రిగారూ, ఎవరో మీరు చూసుకునే బండికి మెరుగు పెట్టారు. ఎలా చేశాడంటారు?" అని మొదలుపెట్టింది వదిన.

"బాగా చేశాడండి."

"అంటే?"

"మెషిన్ తిప్పిన చుట్టల గుర్తులు లేవు. అంచుల దగ్గర రంగు అరగలేదు. చాలామట్టుకు చేత్తోనే చేశాడు. పని తెలిసినవాడే."

"మీకంటే బాగానా?"

మేస్త్రి కారుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. కళ్లలో ఏదో తృప్తి. "నాకంటే తక్కువ మాత్రం కాదులెండి," అన్నాడు.

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. "వింటున్నావా అమ్మా? పోయినేడాది మా తోటమాలి పొరపాటున పొడిగుడ్డతో దుమ్ము దులిపాడని వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు ఈయన. ఎవడో దొంగ వచ్చి బండంతా రుద్దిపోతే 'బాగా చేశాడు' అంటున్నాడు!"

వదిన నవ్వలేదు. తన వంటింట్లోకి ఇంకొకడు దూరి వండిపోతే ఏ వంటవాడూ ఉప్పు సరిపోయిందని మెచ్చుకోడు. మెచ్చుకున్నాడంటే ఆ వంట తనదే అయ్యుండాలి.

"సోమవారం, మంగళవారం షాపు మూసేశారట?"

"మా ఆవిడకి ఒంట్లో బాలేదండి. జ్వరం. పక్కనుంచి కదలడానికి లేకపోయింది."

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే వెనక ఇంట్లోంచి మేస్త్రి భార్య పళ్లెంలో టీ గ్లాసులు పెట్టుకుని వచ్చింది. ముఖం నిండుగా, మనిషి చలాకీగా ఉంది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అంది వదిన గ్లాసు అందుకుంటూ.

"నాకేమొచ్చింది? గుండ్రాయిలా ఉన్నాను!" అందావిడ. "మా చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి మొన్ననే వచ్చాను. ఎప్పుడూ గడప దాటనివ్వని మనిషి, ఈసారి వెళ్లు వెళ్లు అని ఆయనే బస్సెక్కించారు. మా చెల్లెలు కూడా ఆశ్చర్యపోయిందనుకోండి."

మేస్త్రి వేడి టీ ఒక్క గుక్కలో మింగేసి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గోడవైపు తిరిగాడు. వదిన ఆ విషయం మీద ఇంకొక్క మాట మాట్లాడలేదు. టీ మాత్రం బాగుందని చెప్పింది. నిజంగానే బాగుంది.

గ్లాసు పక్కన పెట్టి ఆమె కారు పనిలో పడింది. ముందు బానెట్ ఎత్తించింది. ఇంజన్ పక్కన ఇనప గోడకి బండి నెంబరు చెక్కిన చిన్న రేకు నాలుగు స్క్రూలతో బిగించి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే నాలుగింటి తలల మీదా పాత నలుపు చీలి, లోపలి ఇత్తడి తళుక్కుమంటోంది. ఈ మధ్యనే ఎవరో విప్పి బిగించారు. ఆమె బానెట్ మూయించింది.

తర్వాత సంచీలోంచి తెల్లటి గుడ్డ తీసి, అక్కడున్న డబ్బాలోంచి కాస్త పాలిష్ అద్ది, తలుపు తెరిచి, మూస్తే ఎవరికీ కనిపించని అంచు మీద నాలుగుసార్లు రుద్దింది. గుడ్డ తిప్పి చూసింది. మధ్యలో దానిమ్మ రంగు మరక.

"అయ్యయ్యో!" అంది డాక్టరమ్మ. "రంగు ఊడిపోతోందా?"

"భయం లేదమ్మా," అన్నాడు మేస్త్రి వెంటనే. పని గురించి అడిగితే అతని నోరు ఆగదు. "పాతకాలపు రంగు అంతే. పైనుంచి లోపలిదాకా ఒకటే రంగు. రుద్దితే గుడ్డకి కాస్త అంటుతుంది, అదే దాని లక్షణం. ఈ కాలపు పెయింట్‌కైతే రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని రోజంతా రుద్దండి, గుడ్డకి రంగన్నది..."

అక్కడ టక్కున ఆగిపోయాడు.

"గుడ్డకి రంగన్నది అంటదు. అంతేనా?" అని వదిన పూర్తిచేసింది.

"అంతేనండి," అన్నాడు, చాలా నెమ్మదిగా.

డాక్టరమ్మ ఇదేదీ పట్టించుకోలేదు. ఆమె తలుపు పిడి దగ్గర వంగి, తప్పిపోయిన మనిషి కనిపించినంత సంబరంగా ఏదో చూపిస్తోంది. "నీకు ఇది చెప్పనే లేదు కదూ? ఇవిగో, నా ఉంగరం గీతలు. పెళ్లయిన కొత్తలో తలుపు తీసినప్పుడల్లా గీసుకునేది. మా ఆయన తిట్టేవారు కూడా. మేస్త్రి ఎప్పుడో, ఏడెనిమిదేళ్ల కిందట, వీటిని పోగొట్టాడు. అప్పుడు నాకు లోపల్లోపల బాధే వేసింది. ఇప్పుడు మళ్లీ వచ్చాయి చూడు! ఆయన తిట్లు కూడా వినిపిస్తున్నట్టుంది."

వదిన వంగి చూసింది. పిడి కింద నెలవంకలా వంగిన సన్నటి గీతలు నాలుగైదు. అంచులు మెత్తబడి, మైనం నిండి, ఎన్నేళ్లవో. నిన్నమొన్నటివి కావు.

ఉన్న గీతను చెరపడం మేస్త్రిపని. పోయిన గీతను పాతబడ్డ గీతగా మళ్లీ పుట్టించడం ఎవరి పనీ కాదు.

"డాక్టరమ్మగారూ," అంది లేచి నడుం సరిచేసుకుంటూ. "మీరు ఒక రౌండ్ వేసి రండి. ఇంజన్ ఎలా ఉందో కూడా చూడాలి కదా."

"అదే అడుగుదామనుకుంటున్నాను!" అంటూ డెబ్భై నాలుగేళ్ల ఆవిడ పదహారేళ్ల పిల్లలా సీట్లోకి దూకింది. దానిమ్మ గుర్రుమని, మెత్తగా వీధిలోకి జారిపోయింది.

దుమ్ము రాకుండా మేస్త్రి షట్టర్ సగం దించాడు. షాపులో ఇద్దరే మిగిలారు. వదిన గోడ దగ్గరికెళ్లి వలసంచీలు చూడటం మొదలుపెట్టింది. ఒక బండికి వాడిన ప్యాడ్లు, గుడ్డలు మేస్త్రి ఇంకో బండికి వాడడు. ఒక్క ఇసుకరేణువు అటు నుంచి ఇటు వచ్చినా కొంప మునుగుతుంది. అందుకే ప్రతి బండికీ ఒక సంచీ, సంచీకి దాని ముద్దుపేరు. 'ఎర్ర ముసలోడు' అని రాసి ఉన్న సంచీలో ప్యాడ్లు ఎన్నిసార్లు ఉతికినా పోని గులాబి రంగుకి తిరిగిపోయి ఉన్నాయి. ఆమె 'దానిమ్మ' సంచీ దింపింది. ప్యాడ్లు అంచులు చిరిగి, మెత్తబడి, బాగా వాడినవే. కానీ తెల్లవి. వెలిసిన తెలుపే తప్ప ఎక్కడా ఎర్ర చాయ లేదు.

వాటిని బల్లమీద పెట్టి, పక్కనే తన గుడ్డను మరక పైకి కనిపించేలా పరిచింది.

"ఇది నేను నాలుగుసార్లు రుద్దిన గుడ్డ. ఇవి మీరు ఎనిమిదేళ్లు రుద్దిన ప్యాడ్లు. చెప్పండి మేస్త్రిగారూ, ఎనిమిదేళ్లు మీరు మెరుగు పెట్టింది ఏ బండికి?"

మేస్త్రి నోరు తెరిచేలోపు బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగుతూ ఒక టోపీ, ఆ వెనక టోపీ కింద మనిషి.

"అనుకున్నాను! ఇక్కడే ఉంటావని పొద్దున్నే అనుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వదినా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? బండి దొరికింది. దొంగ దొరికాడు. ఫైలు మూసేశాను. మూసిన కుండలో గరిటె పెట్టి తిప్పడం ఎందుకు?"

"కుండలో అన్నం ఉందో రాళ్లున్నాయో చూద్దామని. కూర్చో, టీ తాగుతావా?"

"నాకేం వద్దు. తోటమాలి ఒప్పేసుకున్నాడు."

"ఏమని?"

"బండి తీశానని."

"ఎలా తీశాడట? నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లాడా? వాడికి సైకిలే తిన్నగా రాదు. ఆ బండి గేరు పడాలంటే డాక్టరమ్మకే రెండు చేతులు కావాలి."

"ఎవరో తోడున్నారు. పేరు చెప్పిస్తాం. షెడ్డు తాళంచెవి వాడి దగ్గరే ఉంది, తాళం పగలలేదు. ఇంతకన్నా ఏం కావాలి?"

"రెండో తాళంచెవి కావాలి. అది మేస్త్రిగారి దగ్గర ఉంది. నెలనెలా షెడ్డుకి వెళ్లి బండి తుడిచేది ఈయనే. ఆ మాట డాక్టరమ్మని అడిగావా? అడగలేదు. నువ్వు చిన్నప్పుడు లెక్కలు చేసినా అంతే, సగం చేసి జవాబు పక్కవాడిది రాసేసేవాడివి."

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇది ఇల్లు కాదు వదినా."

కానీ ఆ ఇద్దరి మాటల మధ్య మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు. అతని ముఖంలో ఇందాకటి తృప్తి ఒక్క చుక్క లేదు.

"తోటమాలిని పట్టుకెళ్లారా?" అన్నాడు. "ఎప్పుడు?"

"నిన్న."

"అతనికేం తెలీదండి! ఆదివారం అతను నాకు మంచినీళ్లిచ్చి..." మాట ఆగిపోయింది. మేస్త్రి బల్ల పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "అతన్ని కొట్టారా?"

ఇన్‌స్పెక్టర్ వదినవైపు చూశాడు. వదిన అతనివైపు చూడలేదు. బల్లమీది ప్యాడ్లు, గుడ్డ చూపించి, మరకలో మొదలుపెట్టి ఉంగరం గీతల దాకా చెప్పుకొచ్చింది.

"అంటే ఆ దొంగ పాతరకం రంగు వేయించి తెచ్చాడంటావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పట్టు వదలకుండా.

"మూడు రోజుల్లోనా? రంగు వాసన కూడా పోదు. పోనీ వేయించాడే అనుకో, ఎప్పుడో పోయిన ఉంగరం గీతల్ని ఎక్కణ్ణించి తెచ్చి పెట్టాడు?"

"నెంబరు సరిపోయింది వదినా. నేనే స్వయంగా చూశాను."

"నెంబరు రేకు చూశావు. దాని స్క్రూలు చూడలేదు. నాలుగూ ఈ వారంలో విప్పినవే. రేకు ఆ బండిలోంచి ఈ బండిలోకి మారింది." వదిన గొంతు తగ్గించింది. "ఆదివారం డాక్టరమ్మ షెడ్డులోంచి పోయింది అసలు బండి కాదు. అచ్చం దానిలా తయారుచేసిన నకిలీ. ఎనిమిదేళ్లుగా ఆవిడ నకిలీనే నడుపుతోంది, ఈయన నకిలీకే మెరుగు పెడుతున్నారు. బుధవారం తిరిగొచ్చిందే, అదీ అసలు దానిమ్మ. ఈ దొంగ ఆవిడ సొమ్ము ఎత్తుకుపోలేదు. తెచ్చి ఇచ్చి, తుడిచి మరీ వెళ్లాడు. అవునా మేస్త్రిగారూ?"

మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత తల ఊపాడు.

"ఎనిమిదేళ్ల కిందట బండి మూడు నెలలు నా షాపులో ఉంది," అన్నాడు. "నేనప్పుడు ఆపరేషన్ అయి మంచంలో ఉన్నాను. షాపు మా తమ్ముడు చూసుకున్నాడు. నేను లేచొచ్చి మొదటిసారి బండికి మెరుగు పెట్టినప్పుడు గుడ్డ తెల్లగా ఉండిపోయింది. నా గుండె ఆగిపోయింది. అప్పటికి తమ్ముడు ఊళ్లో లేడు. చెబితే వాడు జైలుకెళ్తాడు, తోడబుట్టినవాడు. చెప్పకపోతే ఆ తల్లికి అన్యాయం. చెప్పలేదు. నెలనెలా వెళ్లి ఆ నకిలీని తుడిచేవాణ్ణి, ఆవిడ 'ఎంత బాగా చేశావయ్యా' అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అన్నం సయించేది కాదు."

"మరిప్పుడు?"

"తమ్ముడు పోయినేడు పోయాడండి. ఇంక నేను కాపాడాల్సింది ఎవర్ని? బండి ఎక్కడుందో మాత్రం తెలీదు. పోయిన శనివారం అదే నా షాపుకి వచ్చింది. తమ్ముడి దగ్గర దాన్ని కొని దాచుకున్న పెద్దమనిషి కార్ల ప్రదర్శనలో పెట్టాలనుకుని మెరుగు పెట్టమని డ్రైవరుతో పంపాడు. ఎనిమిదేళ్లు నకిలీని తుడిచి నోరెత్తనివాడు ఇప్పుడేం ఎత్తుతాడులే అనుకున్నాడేమో. గుడ్డ పెట్టి రుద్దాను. రంగు అంటింది. పిడి కింద అమ్మగారి గీతలు కనిపించాయి." అతని పెదాల మీద చిరునవ్వు వచ్చేసింది. "మూడు రోజులు కునుకు లేదండి. నకిలీ తెచ్చాను. రేకులు మార్చాను. రెండింటికీ మెరుగు పెట్టాను. అసలుది అమ్మగారి షెడ్డులో పెట్టాను, నకిలీ ఆ పెద్దమనిషికి అప్పజెప్పాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ రోజు కడుపునిండా తిన్నాను."

వదినకు ఆ మనిషి మీద కోపం రాలేదు. తప్పు చేశాడు, అందులో అనుమానం లేదు. చాలా ఆలస్యంగా దిద్దుకున్నాడు. అయినా దిద్దుకున్నాడు. ఇలాంటి దొంగకి డాక్టరమ్మ కాఫీ ఇవ్వడమేం, భోజనమే పెట్టొచ్చు.

"ఆ పెద్దమనిషి పోలీసులకి ఫిర్యాదు చేస్తే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏ నోటితో చేస్తాడు? 'నేను దొంగసొమ్ము దాచుకున్నాను, దాన్ని ఎవరో మార్చేశారు' అనా? తేలు కుట్టిన దొంగ, నోరు మూసుకుని భరించాల్సిందే." వదిన స్టూలు దగ్గరికి జరిగింది. "అయితే నోరు మూసుకున్నవాడు చేతులు కూడా ముడుచుకుని కూర్చుంటాడని లేదు. పేరు చెప్పండి మేస్త్రిగారూ."

మేస్త్రి ఇన్‌స్పెక్టర్ యూనిఫాంని పైనుంచి కిందిదాకా చూశాడు. "పోలీసులకి చెప్పగలిగే పేరే అయితే పోయిన శనివారమే స్టేషన్‌కి వెళ్లేవాణ్ణి కదమ్మా," అన్నాడు.

వదినకు ఆ చూపు గుచ్చుకుంది. నెమ్మదిగా మరిదివైపు తిరిగింది.

"ఒరేయ్," అంది. పదిమందిలో ఆమె అతన్ని ఎప్పుడూ అలా పిలవదు. "వస్తువు దొరికిన కేసు నీకెందుకంత తొందర? ఎవర్నో ఒకర్ని చూపించి ఫైలు మూసెయ్యమని నీకు చెప్పిందెవరు?"

"ఎవరేంటి? మామూలుగా పైనుంచి ఫోన్ వచ్చింది."

"పైనుంచి అంటే?"

"పెద్దసారు. ఆయనకి పాత కార్లంటే ఇష్టం కదా, అందుకే స్వయంగా..."

ఇన్‌స్పెక్టర్ మేస్త్రివైపు తిరిగాడు. మేస్త్రి తల ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. "తోటమాలిని వదిలెయ్యండి. అవును, నేనే చెప్తున్నాను. జీపులో ఇంటిదగ్గర దింపండి. దింపి, వాళ్లావిడకి నా తరఫున..." ఏం చెప్పాలో తోచక పెట్టేశాడు.

"మంచి పని చేశావు," అంది వదిన. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు.

"వదినా," అన్నాడతను, చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి వచ్చి చెప్పిన గొంతుతో. "పొద్దున పెద్దసారు ఫోన్ చేశారు. మీ వదిన ఇంకా తిరుగుతోందా అని అడిగారు. మేస్త్రి షాపుకి వెళ్తోందని చెప్పేశాను. ఎన్నింటికి అని కూడా అడిగారు."

బయట హారన్ మోగింది.

"అమ్మగారు వచ్చేశారు," అన్నాడు మేస్త్రి, ఊపిరి పీల్చుకుని. ఇన్‌స్పెక్టర్ వెళ్లి షట్టర్ తలెత్తుదాకా లేపాడు. దానిమ్మగింజ రంగు కారు మెల్లగా లోపలికి వచ్చి, తెల్లలైట్ల కింద ఆగింది. డ్రైవరు తలుపు తెరుచుకుంది.

దిగింది డాక్టరమ్మ కాదు.

ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, తొందరలేని నడక. ఇన్‌స్పెక్టర్ చెయ్యి సెల్యూట్ కోసం దానంతటదే లేచింది. పెద్దసారు మేస్త్రిని చూశాడు, వదినను చూశాడు, బల్లమీద పరిచిన గుడ్డనూ ప్యాడ్లనూ చూశాడు. అంతా ఒక్క చూపులో అర్థమైపోయినట్టు తల పంకించాడు.

"నువ్వూ ఇక్కడే ఉన్నావా? మంచిదైంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో, చాలా ప్రశాంతంగా. "మేస్త్రితో నాకు కొంచెం సొంత పని ఉంది. ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్లు. వెళ్తూ షట్టర్ కిందిదాకా దించు."

ఇన్‌స్పెక్టర్ షట్టర్ పిడి మీద చెయ్యి వేశాడు. వీధి మలుపు దగ్గర ఇంకో హారన్ వినిపించింది. పొట్టిగా, రెండుసార్లు, సరదాగా.

వదిన మరిది చేతినే చూసింది. ఆమె ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు అతను నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. అతని చేతిని ఏ వైపుకి కదపాలో ఈ రోజు తను చెప్పకూడదు.

"విన్లేదా?" అన్నాడు పెద్దసారు.

"విన్నాను సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. షట్టర్‌ని ఒక్క ఊపులో పైకప్పుదాకా ఎత్తేశాడు. "ఇంకో బండి లోపలికి రావాలి సార్."